తెల్లమెట్ట మీద అసురుల ఊపిరి

వెనక తోడేళ్ళు, ముందు చీకటి. యువరాజు అరిందముడు పరుగెత్తుతున్నాడు. ఉన్నట్టుండి కాలికింద నేల పల్లమైంది, తుంగగడ్డి ముఖానికి కొట్టుకుంది, మరుక్షణంలో అతను మెడలోతు నీళ్ళలో ఉన్నాడు.

ఇక చచ్చాననే అనుకున్నాడు. అనుకోక ఏం చేస్తాడు? తెల్లమెట్ట మేఘాల కంటే ఎత్తున ఉన్న మైదానం. అక్కడ రాత్రి కుండలో పోసిన నీళ్ళు తెల్లారేసరికి రాయిలా బిగుసుకుంటాయి. ఉప్పు వర్తకుడి వేషంలో గాడిదను తోలుకుంటూ కొండ ఎక్కిన దారి పొడవునా, చలికి చచ్చి పడిన పిట్టలను చూశాడు. అలాంటి చోట తోడేళ్ళకు భయపడి నీళ్ళలో దూకడమంటే కోరల చావు వద్దని చలి చావు కోరుకోవడమే. పెనం మీంచి పొయ్యిలో పడ్డాడంటారు గానీ, ఇక్కడ ఆ పొయ్యి భాగ్యం కూడా లేదు.

తోడేళ్ళు గట్టు మీదికి వచ్చి ఆగాయి. అవి అడవి తోడేళ్ళు కావు. మాంత్రికుడు తుహినాక్షుడు మంచుగడ్డల్లోంచి మలిచి ప్రాణం పోసినవి. వాటి కళ్ళు రెప్పలు లేకుండా నీలంగా వెలుగుతున్నాయి. అరిందముడు తుంగ దుబ్బుల మధ్య ముక్కు మాత్రం పైకి పెట్టి, కాళ్ళు కొయ్యబారే ఘడియ కోసం ఎదురుచూశాడు. ఎంతసేపటికీ అవి కొయ్యబారలేదు. అప్పుడు గమనించాడు, నీళ్ళు చల్లగా లేవు. మధ్యాహ్నం పెరట్లో ఎండకు పెట్టిన గంగాళంలో సాయంత్రం చెయ్యి పెడితే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి.

అతను ఆశ్చర్యపడే లోపలే నీటి మీంచి సన్నగా ఆవిరి లేచింది. లేచి, గట్టెక్కి, గట్టు మీది గడ్డిని కప్పుకుంటూ మెల్లగా పాకింది. ముందున్న తోడేలు ముట్టెకు ఆ ఆవిరి తగిలింది. ముట్టె కరిగి బొట్లుబొట్లుగా కారింది. అది కుయ్యిమని వెనక్కి తగ్గింది. దాన్ని చూసి మిగతావి తోకలు ముడిచి చీకట్లో కలిసిపోయాయి.

కుంకుమగిరి సింహాసనానికి వారసుడైనవాడు ఈ చలికొండ మీద ఉప్పు అమ్ముకోవడం ఏమిటని అడిగేవారి కోసం రెండు ముక్కలు చెప్పుకోవాలి. తుహినాక్షుడు ఒకనాడు నిండు కొలువులోకి వచ్చి తెల్లమెట్టను తనకు ధారపోయమన్నాడు. మనుషులు లేని మంచు రాజ్యం ఒకటి కట్టుకోవాలని వాడి కోరిక. "మెట్ట మీద కాపురాలున్నాయి. కాపురాలను దానమివ్వడానికి నేనెవర్ని?" అన్నాడు మహారాజు జయాంగదుడు. తుహినాక్షుడు ఒక్కసారి ఊదాడు. మహారాజు కూర్చున్నవాడు కూర్చున్నట్టే మంచుగడ్డలో బిగుసుకుపోయాడు. శాపం పెట్టినవాడు విమోచనం కూడా చెప్పితీరాలనేది ఆ విద్యకున్న నియమం. వాడు నవ్వుతూనే చెప్పాడు: "నా మంచు కురిసిన తెల్లవారి తెల్లమెట్ట మీద పచ్చని చేను నిలబడితే ఇది కరుగుతుంది. మార్గశిర పున్నమి దాటితే ఇక ఏనాటికీ కరగదు. అప్పటిదాకా ఏ కత్తీ దీన్ని కోయలేదు, నా కత్తి కూడా." మహారాజు గడ్డం కొసన గడ్డకట్టిన ఒక్క బొట్టు పూసలా రాలింది. దాన్ని అరిందముడు మెడలో కట్టుకున్నాడు. ఆ పూసలో ఇంకా పసిబిడ్డ ఊపిరంత వెచ్చదనం ఉంది. తండ్రి బతికి ఉన్నాడనడానికి అతనికున్న సాక్ష్యం అదొక్కటే.

తెల్లవారింది. ఆవిరి పలచబడింది. అరిందముడు నీళ్ళలోంచి పైకి వచ్చి చూసి, చూసినచోటే నిలబడిపోయాడు.

మైదానమంతా సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది. ప్రతి గడ్డిపరకా తెల్లటి ముల్లుగా బిగిసి ఉంది. ఆ తెలుపు మధ్యలో, చెరువును ఆనుకొని, పొడుగాటి గట్లు కొన్ని వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కో గట్టూ ఎడ్లబండి తిరిగేంత వెడల్పు, మనిషి నడుమంత ఎత్తు. గట్టుకూ గట్టుకూ నడుమ అతను రాత్రి తలదాచుకున్న కాలువలాంటి నీటి కాలువలు. అన్నీ నూలు పట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. ఆ గట్ల మీద మాత్రం గడ్డి పచ్చగా ఉంది. గడ్డిలో ఎవరూ విత్తని కొర్ర మొక్కలు నాలుగైదు, కంకులు వేసి, తలంటి పోసుకున్న పిల్లల్లా నీళ్ళు ఓడుతూ నిలబడ్డాయి. తండ్రికి ప్రాణం పోసేది ఇదేనని అతనికి తెలిసిపోయింది. ఒక కంకిని తుంచి పొదివి పట్టుకుని ఊరివైపు పరుగు తీశాడు.

తెల్లమెట్టకు పెద్ద మాచసాని. నెరిసిన తల, ఇనప గొంతు, చేతిలో ఎప్పుడూ ఒక గునపం. రాజులు గద పట్టుకున్నట్టు ఆవిడ ఆ గునపం పట్టుకుంటుంది. అరిందముడు వచ్చేసరికి ఆవిడ వాకిట్లో ఊరు ఊరంతా చేరి ఉంది. రాత్రి పడింది ఈ ఏటి మొదటి మాడుమంచు. ఆకును నిప్పు తగిలినట్టు మాడ్చేస్తుంది గనక మెట్టవాళ్ళు దానికా పేరు పెట్టుకున్నారు. మొదటిది కొసలే మాడుస్తుంది. పున్నమికి పడేది వేళ్ళదాకా దిగుతుంది.

లోపల పొయ్యి పక్కన అరిందముడి నేస్తం డిండిముడు కూర్చుని ఉన్నాడు. ఉప్పు వర్తకుడి తమ్ముడిగా వేషం కట్టిన ఈ మహానుభావుడు వేషం కంటే భోజనం మీద ఎక్కువ శ్రద్ధ చూపిస్తున్నాడు.

"యాడికి పోయినావయ్యా ఉప్పాయనా?" అంది మాచసాని. "తోడేళ్ళు తినేసినాయేమో అనుకుంటి. నీ తమ్ముడు ఆ దిగులుతోనే మా గంజికుండ ఖాళీ చేసినాడు."

"దిగులుకు ఆకలెక్కువ అమ్మా," అన్నాడు డిండిముడు గిన్నె దించకుండా.

అరిందముడు కంకిని ఆవిడ చేతిలో పెట్టాడు. మాచసాని దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. వేలితో ఆకును నిమిరింది. ఆవిడ ముఖంలో రంగు మారింది.

"ఇది యాడ దొరికింది?"

"చెరువు పక్కన. నీళ్ళ మధ్య పొడుగాటి గట్లున్నాయి చూడండి, వాటి మీద."

ఆ మాట వినగానే జనం అతని దగ్గర్నుంచి వెనక్కి జరిగారు. ఒక ముసలాయన చేతిలో ఉన్న కర్రను అడ్డం పెట్టుకున్నాడు.

"గట్లు కావు నాయనా అవి. అసురుల పాన్పులు," అంది మాచసాని గొంతు తగ్గించి. "పూర్వం ఈ మెట్టను దున్నిన అసురులు అలిసిపోయి ఆ మట్టి కప్పుకుని పడుకున్నారు. మాడుమంచు పడే రాత్రి ఆ కాలవల్లోంచి వాళ్ళ ఊపిరి పైకి లేస్తాది. మా తాతలు కళ్ళారా చూసినారు. ఊపిరి లేచిన రాత్రల్లా చేలు మాడినాయి. అందుకే మార్గశిరం పుట్టిన దినం ఇంటికొక తట్ట మన్ను తీసుకపోయి ఆ కాలవల్లో పోస్తాం. నోరుమూత మొక్కు అంటాం దాన్ని. నోరు మూస్తే ఊపిరి రాదు గదా. తరతరాలుగా పోయంగా పోయంగా, ఆ చెరువు పక్క ఉన్నేవి మాత్రం మిగిలినాయి."

అరిందముడికి విషయం అర్థమైంది. అసురులో మనుషులో, ఎవరైతేనేం, ఎవరో మహానుభావులు ఈ మెట్టకు ఒక దుప్పటి నేసి ఇచ్చారు. ఆ దుప్పటినే చలి అనుకుని వీళ్ళు ఏటేటా భక్తితో పాతిపెడుతున్నారు.

"అమ్మా, ఆ ఊపిరి మంచును తేవడం లేదు. మంచు పడుతుంటే కాయడానికి లేస్తోంది," అన్నాడు. "రాత్రంతా నేను అందులోనే ఉన్నాను. నా బట్టలు పట్టుకు చూడండి."

మాచసాని అతని ఉత్తరీయాన్ని పిండింది. నీళ్ళు కారాయి. ఆవిడ ఆ తడి చేతిని చూసుకుంది. "ఈ మెట్ట మీద రాత్రి తడిసినోడు పొద్దున మాట్లాడగా నేనెన్నడూ చూడలా," అంది.

"ఉప్పమ్మేటోడికి మన మట్టి సంగతి ఎందుకు పెద్దసానీ?" అన్నాడు ముసలాయన. "అసురులు లేస్తే వీడు గాడిదెక్కి పోతాడు. మనం యాడికి పోవాల?"

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అరిందముడు తలపాగా తీసేశాడు, మెడలోని పూస బయటికి తీశాడు, తానెవరో, తండ్రికి ఏమైందో, ఎందుకైందో చెప్పాడు.

మాచసాని పూసను రెండు వేళ్ళతో తాకి చూసింది. "మమ్మల్ని ఇయ్యనన్నందుకా ఆయన రాయై కూసున్నాడు?" అంది. "మాకు ఎవురూ చెప్పలేదే." గునపం భుజాన వేసుకుని చెరువువైపు నడిచింది. ఆవిడ వెనక ఊరు నడిచింది, సగం ధైర్యంతో, సగం సిగ్గుతో.

తవ్వకం మొదలయ్యాక అసలు వింతలు బయటపడ్డాయి. ఊరి కొర్ర చేలన్నీ పూడిపోయిన ఆ పాత గట్ల మీదే ఉన్నాయని మొదటిరోజే తేలింది. చేలలో అక్కడక్కడా ఉన్న సన్నటి పల్లాలే పూడిన కాలువలు. మన్ను మెత్తగా వచ్చేస్తోంది. అడుగున నల్లటి ఒండ్రు, ఒండ్రు కింద ఒరిసి పేర్చిన రాళ్ళ అంచులు. ఒక రాయికీ ఇంకో రాయికీ మధ్య గడ్డిపరక దూరదు. ఒక కాలువ ఇంకో కాలువలో కలుస్తుంది, అది మరోదానిలో కలుస్తుంది, చివరికి అన్నీ చెరువుకే చేరతాయి. వాలు ఉందని కంటికి తెలియదు. అయినా తూము ఎత్తగానే నీళ్ళు ఉరకకుండా, నిలవకుండా, పెళ్ళి నడకలాగా ఒక్కో కాలువలోకీ తిరిగి తిరిగి వచ్చాయి. ఆ రోజు పలుగూ పారా కింద పెట్టి అందరూ ఆ నీటినే చూశారు. ఇంత లెక్క కట్టినవాళ్ళు తమ పేరైనా ఎక్కడా చెక్కుకోలేదే అని అరిందముడు ఆలోచించాడు. వాళ్ళ ముందు తన కోటా బురుజులూ పిల్లల మట్టి ఇళ్ళలా తోచాయి.

ఒండ్రును తీసి కొర్ర మొదళ్ళకు పోశారు. పగలంతా ఎండ నీటి మీద పడి మెరిసేది. డిండిముడు కూడా పార పట్టాడు. బొబ్బలెక్కిన అరచేతులు అందరికీ చూపించుకుంటూ, బొబ్బకొక గిన్నె గంజి చొప్పున వసూలు చేసుకున్నాడు.

పున్నమి రేపనగా ఒక బైరాగి వచ్చాడు. తెల్లటి జడలు, తెల్లటి కనుబొమలు, మోకాళ్ళ దాకా వేలాడే రుద్రాక్షలు. కాలువలను చూసి తల అడ్డంగా ఊపాడు.

"పిచ్చివాళ్ళారా, నీళ్ళు చలికి పుట్టిల్లు. వాకిట్లో నీళ్ళు నింపుకుని మంచును పేరంటానికి పిలుస్తున్నారు. పొద్దు గుంకేలోగా తూము మూసి ఈ కాలువలు ఎండగట్టండి. లేదంటే చేలతోపాటు మీరూ మాడతారు."

జనం గుండెల్లో రాయి పడింది. నీళ్ళు చల్లగా ఉంటాయన్నది చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతే గదా. కొందరు తూమువైపు చూశారు. ముసలాయన అప్పుడే రెండడుగులు వేశాడు కూడా.

డిండిముడు చేతులు జోడించుకుని ముందుకొచ్చాడు. "స్వామీ, ఎంత దూరం నుంచి వచ్చారో, ముందు కాళ్ళు కడుక్కోండి. భోజనానికి లేద్దురు గాని. శాపాలూ దీవెనలూ కడుపు నిండాక చూసుకుందాం."

"అక్కర్లేదు," అన్నాడు బైరాగి.

"అతిథి కాళ్ళు కడుక్కోకుండా పోతే ఇంటికి అరిష్టం స్వామీ. మా పెద్దసాని నన్ను బతకనివ్వదు." అంటూనే డిండిముడు కాలువలో చెంబు ముంచి, ఎండకు కాగిన ఆ నీళ్ళు బైరాగి పాదాల మీద కుమ్మరించాడు.

సలసల కాగే నూనెలో నీళ్ళు పడ్డ చప్పుడైంది. బైరాగి కుడిపాదం సగం కరిగిపోయింది. వాడు కొండలు మారుమోగేలా అరిచాడు. జడలు ఈకలయ్యాయి, చేతులు రెక్కలయ్యాయి, ఏనుగు గున్నంత తెల్ల రాబందు ఒకటి దుమ్ము లేపుతూ ఆకాశంలోకి లేచింది. "రేపు రాత్రి," అని పైనుంచి తుహినాక్షుడి గొంతు వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు సన్నటి మంచు నలుసులు రాలుతూనే ఉన్నాయి.

"పాపం, భోంచెయ్యకుండానే వెళ్ళిపోయాడు," అన్నాడు డిండిముడు. మర్నాడు సాయంత్రం ఒక తోలు తిత్తిని కాలువ నీళ్ళతో నింపి, మూతి బిగించి, గొర్రెబొచ్చు చుట్టి యువరాజు నడుముకు కట్టాడు. "దగ్గరుంచుకోండి. వాడికి కత్తి కంటే దీనికే భయం," అన్నాడు.

పున్నమి సాయంత్రం గాలి పూర్తిగా పడిపోయింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. చంద్రుడు వెండి పళ్ళెంలా పైకి వచ్చాడు, ఆ వెంటనే చలి దిగింది. అది మామూలుగా పెరిగే చలి కాదు, మీద పడే చలి. రాళ్ళు చిటచిటమని పగిలాయి. గాడిద మీసాలకు మంచు పట్టింది. అరిందముడు మెడలోని పూసను పట్టుకున్నాడు. వెచ్చదనం తగ్గుతోంది. చలి దిగేకొద్దీ అతని వేళ్ళ మధ్య తండ్రి ప్రాణం చల్లబడుతోంది.

అప్పుడు కాలువలు ఊపిరి తీసుకున్నాయి. ఒక్క కాలువ కాదు, తవ్విన కాలువలన్నీ ఒక్కసారే. తెల్లటి ఆవిరి నీటి మీంచి లేచి, వెన్నెలలో వెలుగుతూ, గట్టుకు అటు నుంచీ ఇటు నుంచీ పాకి, కొర్ర మొక్కల నెత్తిన ఒకదానితో ఒకటి కలుసుకుంది. చూస్తుండగా చేలు కనబడకుండా పోయాయి. మైదానం మీద వందమంది నిద్రపోతూ ఊపిరి వదులుతున్నట్టే ఉంది. ఏ తాతలు చూసి భయపడ్డారో వాళ్ళ తప్పేమీ లేదని అరిందముడికి అనిపించింది. తెలిసిన అతనికే ఒళ్ళు జలదరించింది.

తెలియనివాళ్ళ సంగతి చెప్పాలా? "లేచినారు, అసురులు లేచినారు," అని ముసలాయన కేక పెట్టాడు. ఎవరు తెచ్చారో, ఎప్పుడు దాచుకున్నారో, ప్రతి ఇంటివాళ్ళ చేతిలోనూ మన్ను నింపిన తట్ట ఒకటి ప్రత్యక్షమైంది. ఇన్నాళ్ళూ తవ్విన చేతులే ఇప్పుడు పూడ్చడానికి పరుగెత్తాయి. అరిందముడు అడ్డం నిలబడ్డాడు. ఎందరిని ఆపగలడు? కత్తి దూస్తే ఆగుతారేమో. తన తండ్రి ఎవరి కోసం మంచులో బిగుసుకున్నాడో వాళ్ళ మీద కత్తి ఎలా దూస్తాడు?

"ఆగండి," అంది మాచసాని.

ఆవిడ అరవలేదు. గునపాన్ని నేలలో గుచ్చింది, చెప్పులు విడిచింది, ఒంటి మీది కంబళి తీసి ముసలాయన చేతిలో పెట్టింది. "తెల్లారేసరికి నన్ను అసురులు మింగుంటే, మీ తట్టలు మొదట నా మీద పొయ్యండి," అంది. పాత నూలుచీరతో, ఒట్టి కాళ్ళతో, ఆవిరిలోకి నడిచింది. గట్టు మీద కొర్ర చాళ్ళ నడుమ పడుకుంది. ఆవిరి ఆవిడ మీద మూసుకుంది.

జనం తట్టలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. తట్టల్లో మన్ను గడ్డకట్టింది. పసిపిల్లలు కూడా ఏడవలేదు. అరిందముడు ఆ ఆవిరివైపే చూస్తూ, ఒక చేత్తో పూసను పట్టుకుని, తన తల్లిలాంటి మనిషిని తానే చావులోకి పంపానేమోనని భయపడ్డాడు.

లోపల్నుంచి గొంతు వచ్చింది. "ఒరే, వెచ్చగుండాదిరా."

ఎవరూ కదల్లేదు.

"బాలింత గదిలో కుంపటి పెట్టినట్టుండాది. మీరు ఆడ నిలబడి చస్తారెందుకు? పిల్లల్ని తీసుకోని లోపలికి రండి."

మొదట ముసలాయన తట్ట కింద పడింది. ఆ తర్వాత ఒక్కొక్కటే పడ్డాయి. తరతరాలుగా ఎవరికి భయపడి నోళ్ళు మూస్తూ వచ్చారో ఆ అసురుల పాన్పుల మీద ఆ రాత్రి తెల్లమెట్ట జనమంతా పిల్లాజెల్లాతో పడుకున్నారు. అరిందముడు మాత్రం గట్టు అంచున కూర్చుని చేతిని నీళ్ళలో ఉంచాడు. పైనుంచి దిగిన చలి బరువుగా గట్టు మీంచి జారి కాలువలోకి పడటం అతని చెంపకు తెలుస్తోంది. పడిన చలికి నీరు తాను పగలంతా తాగిన ఎండను కొంచెం కొంచెంగా ఇచ్చి సాగనంపుతోంది. యుద్ధం లేదు, మంత్రం లేదు. అంత గొప్ప పని అంత నెమ్మదిగా జరగడం అతను ఎన్నడూ చూడలేదు. కళ్ళు చెమర్చాయి. ఈ నీరు ఓడిపోకుండా తెల్లవారాలని, ఏ దేవుణ్ణి మొక్కాలో తెలియక, ఆ కాలువ తవ్వినవాళ్ళకే మొక్కుకున్నాడు.

తూర్పు ఎర్రబడింది. పూస చల్లగా, దాదాపు రాయిలా ఉంది. ఆవిరి పలచబడుతుంటే మొదట మైదానం కనిపించింది, కంటిచూపు ఆనినంత మేరా తెలుపు. ఆ తర్వాత చేలు కనిపించాయి. పచ్చగా ఉన్నాయి. కంకి కంకికీ ఒక నీటిచుక్క వేలాడుతోంది, ప్రతి చుక్కలోనూ ఒక చిన్న సూర్యుడు. మాచసాని లేచి కూర్చుని తలలోంచి కొర్రాకు తీసి పడేసి, ఆ పచ్చదనాన్ని చూసి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అరిందముడి అరచేతిలో పూస కరిగింది. ఒక్క బొట్టు నీరు, గోరువెచ్చగా. "నాన్నగారూ," అన్నాడు అతను ఆ బొట్టుతో.

నెత్తిన నీడ పడింది. తెల్ల రాబందు సగం కరిగిన కుడికాలిని ఈడ్చుకుంటూ గట్టు అవతల వాలింది. పచ్చని చేలను చూసి దాని ముక్కు వణికింది. కానీ తుహినాక్షుడు ఏడవలేదు, నవ్వాడు.

"గెలిచావు యువరాజా. నా మంచు కరిగింది. నీ తండ్రి ఇప్పుడు సింహాసనం మీద కత్తి పట్టే బలం కూడా లేకుండా తూలుతూ ఉంటాడు. ఆ మంచును నా కత్తి కూడా కోయలేదని చెప్పాను గుర్తుందా? ఇప్పుడు మా ఇద్దరి మధ్యా ఏముంది?"

రాబందు రెక్కలు విప్పింది. కుంకుమగిరికి కొండ దిగి, అడవి దాటి, ఎన్నో రోజులు నడవాలి. రాబందుకు అది ఒక్క పొద్దు పని. అరిందముడు ఆలోచించలేదు. గట్టు మీంచి పరుగు తీసి, కాలువ మీదుగా ఎగిరి, లేస్తున్న రాబందు ఎడమకాలిని రెండు చేతులా పట్టుకున్నాడు. కింద డిండిముడు ఏదో అరిచాడు. మాచసాని గునపం పైకెత్తింది. క్షణంలో వాళ్ళు చీమలంత అయ్యారు.

పైన గాలి కత్తిలా ఉంది. వేళ్ళు కొయ్యబారుతున్నాయి. "ఎంతసేపు పట్టుకుంటావు?" అని రాబందు ఎగతాళి చేసింది. అరిందముడు కిందికి చూశాడు.

ఉదయపు ఏటవాలు ఎండలో తెల్లమెట్ట మొత్తం కనిపిస్తోంది. తాము తవ్వినది దాని మూలన చాపంత పచ్చటి ముక్క. మిగతాదంతా మంచు కప్పిన బీడు. కానీ ఆ మంచు కింద, నేల మీద నిలబడితే కంటికి ఆనని నీడల గీతలు ఇప్పుడు తేలాయి. గట్టు, కాలువ, గట్టు, కాలువ, ఈ కొండ నుంచి ఆ కొండ దాకా, దువ్వెనతో దువ్విన తలలా. తెల్లమెట్టలో పాన్పు కాని చోటే లేదు. ఒక ఊరికి కాదు, ఒక రాజ్యానికి అన్నం పెట్టే చేలు మట్టి కింద పడుకుని ఉన్నాయి, తవ్వేవాళ్ళ కోసం.

ఈ సంగతి మాచసానికి తెలియదు. ఆకాశంలోంచి చూసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఇది చెప్పాలంటే బతకాలి. తండ్రి బతకాలన్నా తాను బతకాలి.

ఒక చెయ్యి వదిలి నడుము దగ్గర తడుముకున్నాడు. గొర్రెబొచ్చు లోపల తిత్తి ఇంకా వెచ్చగానే ఉంది. దాన్ని గుండెకు అదుముకున్నాడు, కొయ్యబారిన వేళ్ళను దాని చుట్టూ చుట్టాడు. నిన్నటి ఎండ మెల్లగా వేళ్ళలోకి ఎక్కింది. వేళ్ళు వంగాయి. ఒక రెక్క సగం కరిగినా చాలు, రాబందు నేలకు దిగక తప్పదు. అల్లంత దూరాన, అడవులకు అవతల, కుంకుమగిరి బురుజులు కనబడుతుండగా అరిందముడు తిత్తి మూతిని పళ్ళతో పట్టుకుని, రాబందు రెక్క మొదలుకేసి చూశాడు.